గోగుపుల్లల కంచె

రైలుకట్ట పక్క గుంటలో గోగు ఊరేసిన రోజుల్లో ఒడిశా అంచున ఉన్న గిరిసోల ఊళ్ళో అటుగా ఎవరూ నడవరు. ఆ కంపు అలాంటిది. కాసమ్మ ముక్కు మాత్రం దానితో ఏనాడో రాజీపడిపోయింది. తొడలలోతు నీళ్ళలో నిలబడి, ఊరిన కాడలు గుప్పెడు పైకి తీసి, మొదళ్ళు కర్రతో తట్టి, ఊడిన నారను వేళ్ళకి చుట్టుకుని ఒక్క లాగు లాగేది. నార నీటిమీద జారుతూ ఒకపక్కకి వచ్చేది. తెల్లటి పుల్లలు చేతిలో మిగిలేవి. పుల్ల విరగకుండా నార ఊడిరావాలి, పనితనమంతా అందులోనే ఉంది. విరిగింది పొయ్యిలోకి, నిలువుగా ఉన్నది ఎండాక బరంపురం బజారుకి.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె గట్టుమీదికి పుల్లలు విసురుతుంటే బాబూరావు స్కూటరు వచ్చి ఆగింది. బాబూరావు చర్చి సంఘానికి కార్యదర్శి. వెనక సీటు మీంచి సుమిత్ పాస్టరుగారు దిగారు. ఆయన ఉండేది బరంపురంలో. మూడు ఊళ్ళ సంఘాలు ఆయన చేతికింద ఉన్నాయి. జూన్‌లో కొత్తగా వచ్చారు, ముప్ఫై దాటలేదు, చొక్కా ఎప్పుడూ తెల్లగా ఉంటుంది. జేబురుమాలు ముక్కు దగ్గరికి తీసుకెళ్ళి, మర్యాద గుర్తొచ్చి మళ్ళీ దించేశారు.

"బాగున్నారా అమ్మా? నార అమ్ముతారు సరే, ఈ పుల్లలేం చేస్తారు?"

"దీపావళికి బజార్లో అమ్ముతానండి అయ్యగారూ."

"దీపావళికి వీటితో ఏం పని?"

పక్కనుంచి బాబూరావు కళ్ళతో ఏదో చెప్పబోయాడు. కాసమ్మ చూడలేదు. చూసినా ఆమెకి అబద్ధం అంత తొందరగా అందదు.

"ఒరియావోళ్ళు ఈటికి కౌరియా కాఠి అంటారండి. ఆ సాయంత్రం ఒక్కో పుల్ల ఎలిగించి, పైకెత్తి, సచ్చిపోయిన పెద్దల్ని పేరెట్టి పిలుస్తారు. మా తమ్ముడోళ్ళూ అదే సేస్తారు."

పాస్టరుగారు గట్టుమీద ఆరుతున్న పుల్లల్ని కాసేపు చూసి, మరేమీ అనకుండా స్కూటరెక్కారు.

అన్నదంతా ఆదివారం అన్నారు.

పండగల్లో కలిసిపోయిన అన్య ఆచారాల గురించి ఆ రోజు ప్రసంగం. ఆయన కష్టపడి చదువుకుని వచ్చారు, కాగితం చూడకుండా చెప్పారు. క్రిస్మస్ చెట్టు ఏ దేశపు అడవిలో మొదలైందో, అక్కడివాళ్ళు దానితో ఏ దేవతకి మొక్కారో చెప్పారు. ఈస్టరుకి గుడ్లకి రంగులెయ్యడం అన్య ఆచారమన్నప్పుడు సంఘమంతా నిశ్చింతగా తలూపింది. గిరిసోలలో గుడ్డు దొరికితే పులుసు పెట్టుకుంటారు గానీ రంగెవరూ వెయ్యరు. బరంపురంలో ఏదో ఇంగ్లీషుబడి పిల్లలకి దయ్యాల ముసుగులు తొడిగించిందని ఆయన బాధపడితే, దానికీ తలూపింది. పక్కూరివాళ్ళ తప్పులు వింటుంటే ఎవరికి మాత్రం బాగుండదు.

సమాధుల పండుగ దగ్గరికి వచ్చేసరికి తలలు ఆగిపోయాయి.

"వచ్చే శనివారం రెండో తారీకు. సమాధుల తోట శుభ్రం చేసుకుందాం. సున్నాలు వేసుకుందాం. ఈ ఏడాది ప్రభువునందు నిద్రించినవారి పేర్లు చదివి, దేవునికి స్తోత్రం చెప్పుకుందాం. అంతవరకే. చనిపోయినవారికి దీపాలు పెట్టడం, పూలు చల్లడం మనది కాదు. క్రీస్తుని ఎరగని జనం భయంతో చేసుకున్న పని అది. ఈ ఏడాది నుంచి కొవ్వొత్తులు వద్దు. సెల్‌ఫోన్లు కూడా ఇళ్ళలో పెట్టి రండి. పోయినేడు ఎవరో సమాధుల్ని వీడియో తీసి సినిమాపాట కలిపి అందరికీ పంపారు. నేను చూసి సిగ్గుపడ్డాను."

నీళ్ళు తాగి మళ్ళీ అందుకున్నారు.

"మనలోనే ఒక సహోదరి, అన్యులు మృతుల్ని పిలుచుకునే పుల్లల్ని తన చేతులతో తయారుచేసి అమ్ముతోంది. ఆమెను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ఆలోచించమని చెబుతున్నాను."

ఆయన పేరు చెప్పలేదు. చెప్పాల్సిన పనేముంది? నాలుగు వరసల ఆడవాళ్ళు కాసమ్మ వైపు తిరిగారు. చెవులు వేడెక్కి ఆమె తలదించుకుంది. నార పీకి పీకి పగిలిన వేళ్ళను చీరకొంగులోకి దాచుకుంది. ముప్ఫై నాలుగేళ్ళుగా ఆమె ఆ పుల్లలు అమ్ముతోంది. ఆ మాటకొస్తే, ఈ చర్చి గోడకి కొట్టిన వెల్ల డబ్బులు రెండుసార్లు పుల్లల్లోంచే వచ్చాయి. అప్పటి పాస్టర్లు పుచ్చుకున్నారు గానీ ఏం పుల్లలని అడగలేదు.

ఆరాధన అయ్యాక అందరూ వెళ్ళేదాకా ఆగి, ఆమె పాస్టరుగారి దగ్గరికి వెళ్ళింది.

"పుల్లలు ఒగ్గేస్తానండి. అమ్మను. కానీ అయ్యగారూ, ఈరన్నకిది మొదటేడు. మార్చిలో పోనాడు. ఒక్క కొవ్వొత్తి, ఆయన గోరీ మీద ఒక్కటే..."

సుమిత్ పాస్టరుగారి గొంతులో కోపం లేదు. ఉంటే ఆమెకి కొంత తేలిగ్గా ఉండేది.

"మీ ఆయన ఇప్పుడు వెలుగులోనే ఉన్నారమ్మా. మన కొవ్వొత్తి ఆయనకెందుకు చెప్పండి?"

ఆయన చెప్పింది నిజమే అయ్యుంటుంది. కొవ్వొత్తి తనకోసమని చెప్పాలని ఆమెకి ఇంటిదాకా నడిచాక తోచింది.

*

మంగళవారం పొద్దున్నే లోకనాథ్ సైకిలేసుకుని వచ్చాడు. కాసమ్మ తమ్ముడు. ఒకే ఊళ్ళో అటు చివర ఒకరు, ఇటు చివర ఒకరు. పెళ్ళితో ఆమె వీరన్న సంఘంలోకి వచ్చింది, లోకనాథ్ పుట్టిన ఇంట్లోనే పుట్టిన దేవుళ్ళతో ఉండిపోయాడు. దీపావళి ముందు పుల్లల కట్టలు రైల్లోకి ఎక్కించి బరంపురం మోసేది ప్రతి ఏడూ అతనే.

"కట్టలు కట్టనేదేటప్పా? బండి తొమ్మిదింటికి."

"ఈయేడు అమ్మనురా."

లోకనాథ్ సైకిలు స్టాండు వేశాడు. సంగతి అతనికి ఆదివారం మధ్యాహ్నానికే తెలుసు. గిరిసోలలో రైలు ఆలస్యమవుతుంది గానీ కబురు ఆలస్యం కాదు.

"ఆ అయ్యగారు వొద్దన్నాడనా? గోగు మనం ఏసినాం, మనం కోసినాం. నువ్వు కుళ్ళునీటిలో నాన్నావు. పుల్లకి మతమేటే?"

"కొన్నోడు ఏటి సేస్తాడో తెలిసీ అమ్మడం ఏరు, తెలియక అమ్మడం ఏరు. ఆయన అడిగినాడు, నాను సెప్పినాను. ఇంక తెలియదనడానికి నేదు."

"నీకెప్పుడూ ఇంతే. నిజం ఓటి సెప్పడం, దాని కింద పడి నలగడం."

అతను ఎండుతున్న కుప్ప దగ్గర గొంతుకూర్చుని, ఇంటికోసమని పుల్లలు ఏరుకున్నాడు. ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టి వేలితో మీటి, టక్కుమన్నదే తీసుకున్నాడు. పచ్చిదైతే పొగ వస్తుంది. ఏరుతూ లెక్కపెట్టుకున్నాడు. "నాయినకి, అమ్మకి, పెద్దన్నకి, మామ్మకి, తాతకి..." ఆరోది తీసి ఆగాడు.

"ఇది బావకి."

"వొద్దు."

"నాయినతో పాటూ పిలుస్తానే. దండం ఎట్టనులే, పూజ సెయ్యను. పేరు సెప్పి ఊరుకుంటాను."

"ఆయన మీ పిలుపుకి రాడురా. ఆయన ఒకసారి ఎల్లిపోనాడు, ఎల్లినకాడ ఉన్నాడు. నువ్వు పిలిస్తే నా నమ్మకం ఏటవుతాది?"

లోకనాథ్ ఆ పుల్లని వేళ్ళ మధ్య తిప్పాడు. వీరన్న, అతను ఇరవయ్యేళ్ళు ఒకే జీడితోటలో పనిచేశారు. బావ శవపేటిక మోసినవాళ్ళలో అతనూ ఉన్నాడు. చివరికి ఐదు పుల్లలు సైకిలుకి కట్టుకుని, ఆరోది అక్క చేతిలో పెట్టాడు.

"అయితే ఇది నీకాడే ఉండనీ."

అతను వెళ్ళాక కాసమ్మ ఆ పుల్ల పట్టుకుని వాకిట్లో నిలబడింది. పారెయ్యడానికి మనసొప్పలేదు, దాచడానికి తనన్న మాట అడ్డొచ్చింది. చివరికి కుప్పలో కలిపేసింది. మరుక్షణం అదేదో పోల్చుకోలేకపోయింది.

గురువారం సాయంత్రం దీపావళి. పొద్దుగూకేసరికి వీధిలో ఒడియావాళ్ళ ఇళ్ళ ముందు పుల్లలు వెలిగాయి. చీకట్లో వచ్చి వెలుగులో వెళ్ళమని పెద్దల్ని పిలిచే కేకలు ఇంటింటా లేచాయి. కాసమ్మ తలుపు దగ్గరగా వేసుకుని బైబిలు తెరిచింది. అక్షరాల మీద కళ్ళు ఉన్నాయి గానీ చెవులు ఊరి అటు చివర ఉన్నాయి. గాలి అటునుంచే. లోకనాథ్ గొంతు ఆమెకి వెయ్యిమందిలోనైనా తెలుస్తుంది. నాయిన పేరు వినబడింది. అమ్మ పేరు, అన్న పేరు వినబడ్డాయి. ఇంకో రెండు పేర్లు. తర్వాత ఆగిపోయింది.

కాసమ్మ ఆరో పేరు కోసం ఇంకాసేపు చెవొగ్గింది. తమ్ముడు మాట నిలబెట్టుకున్నాడు. పిలవొద్దన్నది తనే. పిలవలేదని ఏడ్చింది కూడా తనే.

*

శుక్రవారం ఆమె సున్నం ఉడికించింది. బకెట్లో రాళ్ళు వేసి నీళ్ళు పోసి దూరంగా జరిగింది. కుతకుతలాడి చల్లారాక పాతగుడ్డలో వడగట్టి, గుప్పెడు ఉప్పు, చిటికెడు నీలం కలిపింది. ఈతమట్ట మొదలు చితక్కొట్టి కుంచె చేసింది. సమాధులకి సున్నం వేసే పని ఇన్నేళ్ళూ వీరన్నదే. ఎవరూ చెప్పలేదు, ఎవరూ మాన్పించలేదు. అతను పోయాక ఎవరు వేస్తారని కూడా ఎవరూ అడగలేదు. అందరికీ తెలిసినట్టే బకెట్టు ఆమె చేతికి వచ్చింది.

సమాధుల తోట రైలు లైనుకి అవతల, మొగలిపొదలు దాటాక ఉంటుంది. కరెంటు లేదు. యాభై దాకా గోరీలు, సగం సిమెంటువి, సగం మట్టివి. ఆ రోజంతా, శనివారం మధ్యాహ్నం దాకా వంగి వేసింది. ఎండకి సున్నం ఆరేకొద్దీ తెల్లబడింది.

వీరన్నది ఇంకా మట్టిదిబ్బే. వానలకి కుంగాలి, ఆ తర్వాతే సిమెంటు. దిబ్బ మీద మేకల డెక్కల గుర్తులు. నెత్తి వైపు మట్టి జారిపోయింది. కాసమ్మ మట్టి ఎగదోసి అదిమింది. మళ్ళీ వచ్చి తొక్కుతాయి. ఆమె నడుం మీద చేతులు వేసుకుని ఆలోచించి, ఇంటికి వెళ్ళి, రెండు మోపులు గోగుపుల్లలు నెత్తిన పెట్టుకొచ్చింది. దిబ్బ చుట్టూ జానెడుకొకటి గుచ్చి, నారతో అడ్డంగా అల్లింది. నడుమెత్తు కంచె తయారైంది. అమ్మకానికి పనికిరాని పుల్ల ఇంకోదానికి పనికొచ్చింది.

నాలుగింటికి బాబూరావు తనిఖీకి వచ్చాడు. ఒక చోట ఎవరో పెట్టిన బంతిపూలు తీసి మొగలిపొదలోకి విసిరాడు. కంచె దగ్గర ఆగాడు.

"ఇదేటి వదినా?"

"మేకలొస్తన్నాయి బాబూరావూ."

బాబూరావు పాస్టరుగారి మాటలన్నీ మనసులో తిరగేసుకున్నాడు. కొవ్వొత్తి ఉంది, పువ్వు ఉంది, ఫోను ఉంది. కంచె లేదు. "బాగుంది" అని ముందుకెళ్ళాడు.

ప్రార్థన నాలుగున్నరకి. వెలుతురుండగానే ముగించాలని పాస్టరుగారే పెట్టిన సమయం. నాలుగున్నరకల్లా ముప్ఫై మంది చేరారు. ఫోన్లు ఇళ్ళలో పెట్టి వచ్చారు. చెప్పిన మాట వినడంలో గిరిసోల సంఘానికి పేరుంది, అందులోనూ చెప్పినాయన కొత్తవాడైతే. ఐదైంది. పాస్టరుగారి పాసింజరు రాలేదు. ఎక్కడుందో అడగడానికి ఒక్కరి దగ్గరా ఫోను లేదు. నవంబరు పొద్దు చూస్తుండగానే సరుగుడుతోపు వెనక్కి జారింది.

పావు తక్కువ ఆరుకి రైలు వచ్చింది. సుమిత్ పాస్టరుగారు పట్టాలు దాటి, చీకట్లో పొదల మధ్య దారి వెతుక్కుంటూ చెమటతో వచ్చారు. ముందు ఏదో గూడ్సు ఆగిపోతే దారిలో గంటంబావు ఆపేశారట. బాబూరావుకి పదిసార్లు ఫోను చేశారట. ఇంట్లో మోగే ఫోను ఎవరెత్తుతారు? చివరికి ఆయన ఫోనే చచ్చిపోయింది.

ఒక పాట పాడారు. పాట అందరికీ నోటికి వచ్చు, ఇబ్బంది లేదు. తర్వాత బాబూరావు సంఘం పుస్తకం అందించాడు. పాస్టరుగారు తెరిచారు. కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నారు, దూరంగా పెట్టారు, ఆకాశం వైపు తిప్పారు. ఈ ఏడాది పోయినవాళ్ళు ఏడుగురు. జూన్ తర్వాత ఇద్దరే. మిగతా ఐదుగురి ముఖాలు ఆయన చూడలేదు, పేర్లూ తేదీలూ నోటికి రావు.

"ఎవరి దగ్గరైనా..." అని ఆగిపోయారు.

ఎవరి దగ్గరా లేదు. ఆయనే వద్దన్నారు.

"నానెల్లి టార్చి తెస్తానండి" అని ఒకతను కదలబోయాడు. అంతలో ఇంకో గూడ్సు మెల్లగా వచ్చి రైలు గేటుకి అడ్డంగా ఆగింది. పొడవాటి బొగ్గు పెట్టెలు, ఇటు చివర కనపడదు, అటు చివర కనపడదు. పెట్టెల కింద దూరి పోతానన్నాడతను. పాస్టరుగారు గట్టిగా వద్దన్నారు. పేర్లు చదవకుండా ముగించలేరు. ఏడు కుటుంబాలు ఎదురుగా నిలబడి ఉన్నాయి.

"కొంచెం వెలుతురుంటే చాలు" అన్నారు, ఎవరితోనూ కాకుండా.

కాసమ్మ కంచె దగ్గరికి నడిచింది. ఆమె ముందుగా ఏమీ అనుకోలేదు. పేరు చదవకపోతే వీరన్నకి ఈ ఏడు ఏమీ జరగనట్టే, అదొక్కటే ఆమె బుర్రలో ఉంది. నార ముడి విప్పి ఒక పుల్ల పీకింది. చెవి దగ్గర మీటింది. టక్కుమంది.

"అగ్గిపెట్టి?"

అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బాబూరావు బీడీ మానేసి ఏడేళ్ళయిందని సాక్ష్యం చెప్పి, సంఘం చేత చప్పట్లు కొట్టించుకున్న మనిషి. అతను ఒకసారి దగ్గి, లోపలి జేబులోంచి అగ్గిపెట్టె తీసి కాసమ్మకి ఇచ్చాడు.

గోగుపుల్ల నిప్పు తగలగానే అందుకుంటుంది. తెల్లటి మంట లేచింది. కాసమ్మ దాన్ని పుస్తకం పైకి ఎత్తి పట్టుకుంది. పాస్టరుగారు ఆ పుల్లని చూశారు. ఆమెని చూశారు. తర్వాత పుస్తకంలోకి చూశారు.

మొదటి పేరు చదివారు. పుట్టిన తేదీ, నిద్రించిన తేదీ, రెండు మాటల ప్రార్థన. ఆమేన్ అనేసరికి మంట వేళ్ళదాకా వచ్చింది. కాసమ్మ దాన్ని మట్టిలో గుచ్చి ఆర్పింది. మళ్ళీ చీకటి.



"ఇంకో పుల్ల అమ్మా" అన్నారు పాస్టరుగారు.

రెండో పేరు కుమారి తల్లిది. కాసమ్మ పుల్ల ముట్టించగానే కుమారి ముందుకొచ్చి, ఏమీ అడక్కుండా అందుకుని, తనే పైకెత్తి పట్టుకుంది. మూడో పేరుకి ఆ మనిషి కొడుకు వచ్చాడు. ఎవరూ చెప్పలేదు. పేరు పేరుకీ ఒక పుల్ల, పుల్ల పుల్లకీ ఆ ఇంటి మనిషి. ప్రతిసారీ "ఇంకోటి" అనే పాస్టరుగారి గొంతు చిన్నదవుతూ వచ్చింది. గాలి మంటని లాగేస్తోందని పేర్లు మాత్రం పైకి, గట్టిగా చదివారు. గూడ్సు పెట్టెల అవతల గేటు దగ్గర చిక్కుకున్నవాళ్ళకి కూడా వినబడేలా చదివారు.

చివరి పేరు వీరన్నది. మార్చిలో పోయినా పుస్తకంలో చివర్న ఎక్కించాడు బాబూరావు. ఆ పుల్ల కాసమ్మ ఎవరికీ ఇవ్వలేదు. మిగతావాటికన్నా నిదానంగా కాలిందనిపించింది ఆమెకి. పచ్చిదేమో. పొగ కూడా వచ్చింది. ఆమేన్ అన్నాక కూడా కొంచెం మిగిలి ఉంది. అది ఆరేదాకా పాస్టరుగారు పుస్తకం మూయలేదు.

గూడ్సు కూతపెట్టి కదిలింది. జనం ఒకరి వెనక ఒకరు చీకట్లో నడిచారు. కాసమ్మ సున్నం బకెట్టు అందుకుంటుంటే పాస్టరుగారు దగ్గరికి వచ్చారు. చొక్కా మీద మసి పడింది.

"మీ కంచె పాడైపోయిందమ్మా."

"మళ్ళీ కడతానండి. పుల్లలున్నాయి."

"ఉన్నాయా?"

"శానా ఉన్నాయండి. అమ్మనేదు కదా."

ఆయన ముందు వెళ్తున్న బాబూరావుని అందుకోవడానికి గబగబా నడిచారు.

గేటు దగ్గర టార్చి పట్టుకుని లోకనాథ్ నిలబడి ఉన్నాడు. అక్క ఇంకా ఇంటికి రాలేదని వచ్చి, గూడ్సు అడ్డమై ఆగిపోయాడు. పెట్టెల సందుల్లోంచి ఎంత కనబడిందో ఏమో.

"అప్పా, అయ్యగారు బావని పిలిసినాడేటి?"

"పిలవనేదు. పేరు సదివినాడు."

"పుల్ల ఎలిగించి సదివినాడా?"

"సీకటిగుందిరా. సదవడానికి కనబడక."

లోకనాథ్ టార్చి వెలుగు ఆమె కాళ్ళ ముందు దారి మీద వేశాడు.

"మాం మాత్రం మరెందుకు ఎలిగిస్తాం అప్పా? సీకటనే గదా."

కాసమ్మ బకెట్టు తమ్ముడి చేతికిచ్చి, పట్టాల మీంచి జాగ్రత్తగా అడుగులేస్తూ ముందు నడిచింది.